మడతలో పడ్డ ఇసుక

నా చిన్నప్పుడు మొయినాబాద్ దగ్గర మా ఊళ్ళో గొడ్డలి కావాలంటే మా తాతయ్య కొలిమికే రావాలి. ఇనుప పట్టీని ఎర్రగా కాల్చి, మధ్యకు మడిచి, ఆ మడతలో ఉక్కు ముక్క దూర్చేవాడు. వాగులోని తెల్లని ఇసుక చల్లి మళ్ళీ కాల్చి సమ్మెటతో కొడితే ఇనుమూ ఉక్కూ కలిసిపోయేవి. ఇసుక కరిగి లోపలి మురికిని బయటికి తోసేస్తుందట. ఆ ఇసుక తెచ్చి జల్లించడం నా వంతు.

ఒకరోజు పొద్దున పక్కింటి అక్క గొడ్డలి చేయించుకోవడానికి వచ్చింది. మొగుడు పోయాక ఆమె తుమ్మ మొద్దులు కొట్టి హోటళ్ళకు అమ్ముకునేది. తాతయ్య నన్ను వాగుకు పంపాడు. నేను దారిలో అష్టాచెమ్మా ఆటలో కూర్చుండిపోయాను. ఆలస్యమైందని తెలిశాక, చర్చి గోడ కోసం పోసిన కుప్పలోంచి ఇసుక ఒడిలో నింపుకొని పరుగెత్తాను. అందులో సున్నం కలిసి ఉందని, అది అతుకును పట్టనివ్వదని నాకు తెలుసు.

"వాగుదేనా బిడ్డా?" అన్నాడు తాతయ్య.

"వాగుదే తాత."

మళ్ళీ అడగలేదు. నా మాట మీద అంత నమ్మకం.

నాలుగు రోజులకు ఆ గొడ్డలి మొద్దు మీదనే పొరలుగా విడిపోయింది. ఊడిన ముక్క అక్క కాలికి తగిలింది. పిక్కదాకా గుడ్డ చుట్టుకొని కుంటుతూ వచ్చి, "కొత్త గొడ్డలి గిట్లెట్లయింది తాతా?" అని మాత్రమే అడిగింది. తాతయ్య ఆమె తెచ్చిన గొడ్డలి మడతలో గోరుతో గీకి, వచ్చిన తెల్లటి సున్నం పొడిని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"నాకు చూపు ఆనుతలేదు బిడ్డా. తప్పు నాదే," అన్నాడు ఆమెతో.

వేరే గొడ్డలి చేసిచ్చాడు. తన చేతిలో చెడిన పనిముట్టును కొలిమి గుంజకు వేలాడదీయడం ఆయన పద్ధతి, తప్పును దాచకూడదనేవాడు. ఆ గొడ్డలిని కూడా అలాగే కట్టాడు. వచ్చినవాళ్ళు అడిగితే తన చూపు ఆనకనే చెడిందని చెప్పేవాడు. మెల్లగా అందరూ, ముసలాయనకు కండ్లు కనబడతలేవని, చేవెళ్లకు పోయి చేయించుకోసాగారు. నెలకు రెండు కొడవళ్ళు వస్తే గొప్ప. నేను మాత్రం నోరు విప్పలేదు. ఆయన తిట్టి ఉంటే ఏడ్చి చెప్పేసేదాన్నేమో. నాలుగేళ్ళకు ఆయన పోయాడు.

ఆ అక్క ఇప్పుడు చిల్కూరులో కూతురి దగ్గర ఉంటోంది. పోయిన నెల చూడబోతే, మాటల్లో, "మీ తాత మంచోడు, పాపం కండ్లే పోయినయ్," అంది.

"ఆయన కండ్లు మంచిగనే ఉండె అక్క. సున్నం కలిసిన ఇసుక తెచ్చింది నేనే," అన్నాను.

ఆమె కాలి మచ్చను చేత్తో తడుముకుంది. ఆమెకు కోపం వస్తే బాగుండునని నాకనిపించింది.

"గీ ముచ్చట ఆయనకు చెప్పినవా?" అంది.

చెప్పలేదు. తాతయ్య అడుగుతాడని నేను, నేను చెబుతానని తాతయ్య, ఆ నాలుగేళ్ళూ ఒకే కొలిమి దగ్గర కూర్చున్నాం.