‘లేదు’లో ఎన్ని రకాలు

ఆసుపత్రి ల్యాబులో ఇరవై తొమ్మిదేళ్లుగా రక్తపరీక్షలు చేస్తున్న అత్తయ్య, ఆ ఆదివారం మీటప్‌కు వెళ్ళింది మేనకోడలి పోరు పడలేకే.

“మా ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ గుంపుకి ఈసారి నలుగురే వస్తున్నారు అత్తయ్యా. నువ్వొచ్చి ఊరికే కూర్చో చాలు.”

“నాకేం అర్థమవుతుందే?”

“నాకే సగం అర్థం కాదు. రా!”

ఒక ఆఫీసు మూడో అంతస్తులో గది. తెల్లబోర్డు, పొడుగాటి బల్ల, బిస్కెట్ల ప్లేటు. అత్తయ్య ప్లేటుకు చేరువగా కుర్చీ చూసుకుంది.

వాళ్ళు సరదాకి సొంతంగా ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష తయారు చేస్తున్నారు. ఏ గడిలో అంకె ఉండాలో, ఏ గడిలో పేరు ఉండాలో ముందే చెప్పేసి, అది తప్పితే ప్రోగ్రామును నడవనివ్వని కట్టుబాటును టైపులంటారట. ఆవేళ తగువంతా ఖాళీ గడి గురించి. అందరూ గడ్డం బాబు అని పిలిచే మనిషి, “లేదంటే లేదే. దానికి ఒక్క గుర్తు చాలు” అని పట్టుబట్టాడు. గుంపులోనే ఉన్న లెక్కల టీచరమ్మకు అది మింగుడుపడలేదు గానీ, ఎందుకో తేల్చి చెప్పలేకపోయింది. గంట గడిచింది.

అత్తయ్యకు ఇక నోరు ఊరుకోలేదు.

“బాబూ, ఒక్క మాట. మా రిపోర్టులో ఒక గడి ఖాళీగా ఉందనుకో. శాంపిల్ అసలు రాలేదా, వచ్చి పాడైందా, ఇంకా మెషిన్లో ఉందా? రాకపోతే వార్డుకి ఫోన్ చేస్తాను. పాడైతే మళ్ళీ రక్తం తీయమంటాను. మెషిన్లో ఉంటే టీ తాగుతాను. మూడింటికీ ఒకటే ‘లేదు’ పెట్టావనుకో, నేను టీ తాగాల్సిన చోట పేషెంటుని ఇంకోసారి సూదితో పొడుస్తాను!”

టీచరమ్మ బల్ల చరిచింది. “అదీ! గంట నుంచి నా నాలిక చివర ఆడుతున్నది అదే!”

గడ్డం బాబు పక్కున నవ్వి, బోర్డు మీద తను రాసిందంతా తుడిచేశాడు. “నాలుగోది కూడా ఉందా అండీ?”

“ఎందుకు లేదూ? డాక్టరు ఆ పరీక్ష అడగనే లేదు!”

ఆ మధ్యాహ్నమే నాలుగు రకాల ‘లేదు’లూ భాషలో చేరిపోయాయి. అత్తయ్య కూడా గుంపులో చేరిపోయింది. ఇంట్లో మేనకోడలి పాత ల్యాప్‌టాప్ ముందేసుకుని, ఒక్కో వేలితో కీలు వెతుక్కుంటూ తొలి ప్రోగ్రాము రాసింది. మూడు రకాలకే జవాబు రాస్తే, నాలుగోదాని సంగతేమిటని ఆ భాష అడ్డం తిరిగింది. అత్తయ్యకు నవ్వాగలేదు.

“ఏవండీ, ఇలా రండి! మా పెద్ద డాక్టరమ్మ ఇందులో దూరింది. ఆవిడా ఇంతే, ఒక్క గడి వదిలితే రిపోర్టు మొహాన కొట్టేది!”

చేతిలో గరిటెతో వచ్చిన మావయ్య తెరలోకి తొంగిచూసి, ఆవిడ మొహం చూసి తనూ నవ్వేశాడు. భార్య అంత సంబరపడటం చూసి చాలా కాలమైంది.

నాలుగు నెలలకు గుంపు ముందు నిలబడి ఆ ‘లేదు’ల గురించే అరగంట మాట్లాడింది అత్తయ్య. చివర్లో గడ్డం బాబు లేచి, “అయితే అత్తయ్యగారూ, రెండు శాంపిళ్ళు తారుమారైతే గడిలో అంకె ఉండనే ఉంటుంది కదా, మరి దాన్ని ఏ టైపు పట్టుకుంటుంది?” అన్నాడు.

ఆవిడ ఆ ప్రశ్నను కాగితం మీద రాసుకుంది. ఇంటికి వెళ్ళే బస్సులో అత్తా మేనకోడలూ దాని మీదే వాదులాడుకున్నారు. దిగాల్సిన చోటు దాటి రెండు స్టాపులు పోయాక గానీ తెలివిరాలేదు. ఎండలో వెనక్కి నడుస్తూ కూడా ఇద్దరూ వాదన ఆపలేదు.