పత్తికట్టె తుపాకి

తమ్ముడు పోయాక నేను జనగామ తిరిగి వెళ్లకుండా మా ఊరు రేగొండలోనే ఉండిపోయాను. పిట్టకు పెట్టే రోజు, వాడిని దహనం చేసిన మెట్ట చెలకకు వెళ్లాం. విస్తరాకులో అన్నం, వాడికి ఇష్టమైన కోడికూర పెట్టి దూరం జరిగాం. కాకి ముడితే పోయినవాడు తిన్నట్టు. ముట్టకపోతే వాడి మనసులో ఏదో మిగిలిపోయిందంటారు.

చాలాసేపటికి ఒక కాకి వాలింది. మెతుకు అందుకోబోతుండగా తమ్ముడి కూతురు ముందుకు ఉరికింది. అయిదేళ్ల పిల్ల. కొన్నాళ్లుగా పత్తికట్టే దాని తుపాకి.

“డాం! డాం! సచ్చినవ్ పో!”

కాకి లేచిపోయింది.

“ఏం పిల్లవే నువ్వు!” మా చిన్నాయన అరిచాడు. “కాకి రూపంల అచ్చింది మీ బాపే. బాపునే కాలుస్తవా?”

“అది బాపు బువ్వ ఎత్తుకపోతాంది తాతా,” అంది పిల్ల. ఆయన అన్నది ఆ తర్వాతే దానికి అర్థమైనట్టుంది. కట్టె జారవిడిచింది.

“బాపును నేనే సంపిన్నా?”

పిల్ల తల్లి, నా మరదలు, లేచి వచ్చింది. కట్టె విరిచేస్తుందనుకున్నాను. తీసి మళ్లీ పిల్ల చేతికే ఇచ్చింది.

“నన్ను కాల్చు.”

“వద్దమ్మా.”

“కాల్చు బిడ్డా. ఏమైతదో చూద్దాం.”

పిల్ల కళ్లు మూసుకుని మెల్లగా “డాం” అంది. మరదలు దున్నిన మట్టిలో వెల్లకిలా పడింది.

“అయ్యో, గీ పూటనా గీ ఆటలు!” మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మరదలు లేచి కూర్చుని మట్టి దులుపుకుంది.

“చూసినవా? గిది ఆట. గీ కట్టెతోని కాకి సావలేదు, నేను సావలేదు, బాపు సావలేదు.”

“మరి బాపు?”

“రోగమొచ్చి దవాఖానల సచ్చిపోయిండు. నువ్వేం జెయ్యలేదు.”

“లేస్తడా?”

“లేవడు బిడ్డా.”

అప్పటిదాకా ఆ మాట దానికి ఎవరమూ చెప్పలేదు. ఊరెళ్లాడన్నాం, దేవుడి దగ్గరున్నాడన్నాం. ఆటను ఆపకుండా, ఆటకూ చావుకూ తేడాను ఆటలోనే చూపించిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

పిల్ల కట్టెను తల్లికిచ్చింది. “ఇగ నన్ను కాల్చు.”

చిన్నాయన వద్దనబోయాడు.

“జర ఆగు మామా,” అంది మరదలు. కట్టె ఎత్తి “డాం” అంది.

పిల్ల పడిపోయి కళ్లు మూసుకుంది. చాలాసేపు కదల్లేదు. చిన్నాయన కాకుల కోసం చూస్తున్నాడు, మేం పిల్లను చూస్తున్నాం. మరదలు లెమ్మనలేదు. పక్కనే మట్టిలో కూర్చుంది.

చివరికి పిల్ల తనే లేచింది.

“ఆకలైతాందమ్మా,” అంది.