కాలు తగిలిన పుస్తకం

మా ఆయన పేరు శేషగిరి. కోవిడ్ రోజుల్లో మా ఇంట్లోనే ఆ పేరు మాయమైపోయింది. ఫోనెత్తితే చాలు, "హలో, షేన్ హియర్" అనేవారు. శేషగిరి అని చెబితే కస్టమర్లు "ఐరిష్ వాళ్ళెవరూ లేరా?" అని ఫోన్ పెట్టేస్తున్నారట. అందుకని కంపెనీవాళ్ళే ఆ పేరు తగిలించారు. పేరు మారిస్తే యాస మారుతుందా, నా బొంద!

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయాక దొరికిన పని అది. పెద్దలకు మాత్రమే అనే వీడియో సైటు. ఆడవాళ్ళు కెమెరా ముందు కూర్చుంటారు, మగాళ్ళు డబ్బు కట్టి చూస్తారు, నచ్చకపోతే మా ఆయనకి ఫిర్యాదు చేస్తారు. ఆఫీసుకి వెళ్ళినన్నాళ్ళూ నేను పట్టించుకోలేదు. లాక్‌డౌన్ వచ్చి ఆ ఆఫీసు కాస్తా ఇక్కడ ఐర్లండ్‌లో మా వంటింటి బల్ల మీదికొచ్చింది. "ఛీ, అన్నం తినే చోట ఇదేం ఖర్మండీ" అని రోజూ గొడవే. వేరే పని దొరికేదాకా ఓర్చుకోమనేవారు పాపం.

ఓ మధ్యాహ్నం పప్పు తాలింపు పెడుతుంటే స్పీకర్ ఫోన్లో ఒకడు చటుక్కున తెలుగులోకి దిగాడు.

"షేన్ ఏంటి సార్, మీరు మనవాళ్ళేగా! నన్ను మోసం చేశారు సార్. కమీలా, బ్రెజిల్ అని రాస్తే కట్టాను. కాలు పుస్తకానికి తగలగానే వంగి ముట్టుకుని కళ్ళకద్దుకుంది. బ్రెజిల్ వాళ్ళు అలా చేస్తారా? మన పిల్లే. మీరు అవునని ఒక్క మాటనండి, వీడియో మన ఐర్లండ్ గ్రూపులన్నింట్లో పెట్టేస్తా. పరువు తీస్తోంది."

డబ్బు కట్టి చూసినవాడి పరువు మాత్రం భద్రంగా ఉన్నట్టుంది! నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి మీదా, ఆ పిల్ల మీదా కూడా.

"చూసి చెబుతానండీ" అని మా ఆయన ఫోన్ పెట్టేశారు. ఆ పిల్ల వివరాలు తెరిచి చూశారు. తెలుగు పిల్లే. ఇక్కడ మాస్టర్స్ చదువుతోంది. పనిచేసే కేఫ్ మూతపడితే ఇందులోకి వచ్చింది.

"బ్రెజిల్ అని ఎందుకు రాసుకుందీ?" అన్నాను.

"ఇండియన్ అని రాస్తే తెల్లవాళ్ళు కంపు కొడతావా అని అడుగుతారు. మనవాళ్ళయితే ఊరేది, ఇంటిపేరేది అని ఆరా తీస్తారు" అన్నారు.

కంపెనీ తరఫున ఆ పిల్లకి ఇంగ్లీషులో ఓ మెసేజ్ పెట్టారు. ఇకమీద కాలు దేనికి తగిలినా వంగొద్దు, ఒకాయన కనిపెట్టాడు, పరీక్ష పెట్టినా పెట్టొచ్చు అని.

పెట్టనే పెట్టాడు. మర్నాడు ఫోన్ చేసి, "ఇప్పుడు దాన్ని పుస్తకమ్మీద నిలబడమంటాను సార్. నిలబడలేకపోతే మన పిల్లే. మీరూ చూడండి" అన్నాడు. ఎంత తెలివో వెధవకి! ఫిర్యాదు వచ్చాక చూడటం మా ఆయన డ్యూటీ. స్టవ్ కట్టేసి నేనూ వెనకాల నిలబడ్డాను.

పెద్ద స్వెట్టరు వేసుకుని ఉంది. సన్నటి పిల్ల. ఏదో లావుపాటి కాలేజీ పుస్తకం కింద పెట్టింది. ఒక కాలు పెట్టింది. రెండోదీ పెట్టింది. నవ్వుతూనే ఉంది. చేతులు మాత్రం వీపు వెనక్కి పెట్టుకుంది. పక్కకి తిరిగినప్పుడు చూశాను, ఒక చేత్తో రెండో చెయ్యి మణికట్టు గట్టిగా పట్టుకుని ఉంది.

"సారీ సార్, బ్రెజిల్ పిల్లే. మనవాళ్ళు ఇలా తొక్కరు" అన్నాడు వాడు.

"నేనూ చూశానండీ. ఫిర్యాదు తప్పని రాసేస్తున్నాను" అని మా ఆయన ఫోన్ పెట్టేసి, మొహం రెండు చేతులతో కప్పుకున్నారు. "గండం గడిచింది దమయంతీ. కానీ ఆ తొక్కడం నేనే నేర్పాను" అన్నారు. నాకూ ఏడుపాగలేదు. ఏ తల్లో ఆ పిల్లకి పసితనంలో మెడ వంచి ఆ కళ్ళకద్దుకోవడం నేర్పి ఉంటుంది, నాకు మా అమ్మ నేర్పినట్టే.

తెరమీద ఆ పిల్ల ఇంకా పుస్తకం మీదే నిలబడి ఉంది. ఇక దిగొచ్చని ఆమెకెవరూ చెప్పలేదు. నేను రోజూ తిట్టిపోసే ఆ లాప్‌టాప్ మీదికి వంగి, ఆ పాదాల కింద పుస్తకం ఉన్నచోట తెరని ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను.