తోకబండి అత్త

మా మావయ్య ఉద్దానం నుంచి పంపిన మనిషి మొన్న టెక్కలిలో మా గుమ్మం ముందు నిలబడ్డాడు. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, "మీ మావ ఇంట్లో ఆయమ్మ పోనాదమ్మా. జొరం తగిలి" అన్నాడు. మా అమ్మ కాసేపు ఆలోచించింది. "మనకి మైల లేదులే" అని లోపలికి వెళ్లి పప్పులో పోపు వేసుకుంది. ఇంగువ వాసన వీధిలోకి వచ్చింది. ఆ మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు. ఎవరమైనా ఒక్క మాట అంటామని చూస్తున్నాడు. అతని ముఖంలోకి చూడలేక మంచినీళ్ల నెపంతో లోపలికి తప్పుకున్నాను.

పోయినావిడ మా మావయ్యకు, అంటే మా అమ్మ తమ్ముడికి, రెండో ఇల్లాలు. మొదటి భార్య పోయాక ఇచ్ఛాపురం వైపు నుంచి తెచ్చుకున్నాడు. ఆవిడ కూడా అప్పటికే భర్తను పోగొట్టుకున్న మనిషి. ఆ పెళ్లికి మా వాళ్లెవరూ వెళ్లలేదు. వితంతువులకు మళ్లీ పెళ్లిళ్లు చేయాలనే సభలకు మాత్రం మా నాన్న ఉత్తరీయం వేసుకుని వెళ్లేవాడు. కొట్టిన చప్పట్లు అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేవాడు.

మావయ్య ఒక పాత మోటారు లారీ కొన్నాడు. దాని వెనక తగిలించడానికి రెండు చక్రాల తోకబండి ఒకటి పలాసలో చేయించి, మీద నీళ్లు తోడే ఆయిలింజను బిగించాడు. ఉద్దానంలో వేసవి వస్తే కొబ్బరి మొక్కలకు ఏతాలతో తోడి తోడి మనుషుల రెక్కలు పడిపోతాయి. ఈ బండి తోట తోటకూ వెళ్లి, నూతిలో గొట్టం దింపి నీళ్లు పెట్టేది. ఆ ఇసక దారుల నిండా మొగలి ముళ్లు. టైరు పోయిందా, బండి అక్కడే, అవతల తోట ఎండాల్సిందే. అందుకని పనిముట్ల పెట్టె ఒకటి, అదనంగా రెండు చక్రాలు తోకబండికే బిగించుకోవాలని మావయ్యా ఆవిడా అనుకున్నారు.

ఆ రోజు నేనక్కడే ఉన్నాను. కాలేజీ సెలవులు. ఇంట్లో కూర్చోలేని పురుగు నాలో ఒకటుంది.

మొదట పెట్టెను బండి వెనక కొసన బిగించారు. లారీ నుంచి విప్పగానే తోకబండి ముక్కు పైకెత్తి వెనక్కి కూలబడింది. "ఓలమ్మ! కుక్కలాగ కూకుండిపోనాది!" అని ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. పెట్టెను ముందుకు, లారీకి తగిలించే కడ్డీ మీదకు మార్చారు. రెండు చక్రాలూ దాని ముందు నిలబెట్టి గట్టిగా బిగించారు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. తీరా చూస్తే పెట్టె మూత లేవదు. చక్రాలు విప్పాలంటే పానా కావాలి. పానా పెట్టెలో ఉంది. మావయ్య ఆవిడ వంక, ఆవిడ మావయ్య వంక చూసుకున్నారు. బియ్యం మిల్లు నుంచి పానా అడిగి తెచ్చేదాకా ముగ్గురం నవ్వుతూనే ఉన్నాం. ఈసారి చక్రాలను ఇంజనుకు అటొకటి, ఇటొకటి పెట్టారు. ఆవిడ మోకాళ్ల మధ్య చక్రాన్ని ఇరికించి పట్టుకుంటే ఆయన బోల్టులు బిగించాడు. దారిలో గడగడలాడకుండా ఒక్కోదాని కింద పాత టైరు ముక్క దోపింది.

ఆ కొత్త హంగుతో కోటబొమ్మాళి సంతకు వెళ్లాం. అక్కడ మావయ్యకు బావ వరసయ్యే పల్లీల వ్యాపారి ఎదురయ్యాడు.

"ఏటి బావా, నడిసే సక్రాలు రెండు, ఏలాడే సక్రాలు రెండూనా?"

"ఆటిని స్టెప్నీలంటారు బావా. ఉన్నది పాడైపోతే ఎక్కించుకోడానికి."

ఆ వ్యాపారి ఇంజను పక్కన కూర్చున్న ఆవిడను ఎగాదిగా చూసి, "అయితే నీ బండికి మూడు సెప్నీలన్నమాట!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా విరగబడి నవ్వారు. మావయ్య పానా తీసుకుని దిగబోతే ఆవిడ చొక్కా పట్టుకుని ఆపింది.

"ఒగ్గెయ్యి. ఎక్కించినాక అదీ సక్రవే గదా. బరువు మొయ్యదేటి?"

ఆ పరిహాసం మా లారీ కంటే ముందే టెక్కలి చేరింది. ఆ తర్వాత మా ఇంట్లో ఆవిడ పేరు అదే. "సెప్నీ కూడా వచ్చిందా?" "సెప్నీకి విస్తరి బయటికే పంపండి." ఇంగ్లీషు చదివినదాన్ని కాబట్టి నేను మాట దిద్దాను: "సెప్నీ కాదు, స్టెప్నీ." నా ఉచ్చారణకు అందరూ మురిసిపోయారు.

ఒకసారి మా గుమ్మం ముందే టైరు పోయింది. మావయ్య లోపల భోజనం చేస్తుంటే ఆవిడ టైరులోంచి ముళ్లు తీసి కొబ్బరి చిప్పలో వేసుకుంటోంది. ఎందుకని అడిగాను. "దార్లో పారేస్తే సెప్పుల్లేనోలు తొక్కుతారమ్మీ" అంది. తరవాత తలెత్తకుండానే అడిగింది:

"అమ్మీ, నన్నేటని పిలుత్తావు? ఎప్పుడూ ఇదిగో, ఇదిగో అంతావు. ఓ వరసెట్టి పిలిత్తే పలుకుదామని."

నేను నోరు తెరిచేలోపు గుమ్మంలోంచి మా అమ్మ, "పిలవడం దేనికీ? ఎదురుగానే ఉంది కదా" అంది.

ఆవిడ తలూపింది. చిప్ప పక్కన పెట్టి, జాకీ బండి కిందకు తోసింది. అంతకు రెండు రోజుల ముందే ఒక తోటలో నా చేత ఇంజను తిప్పించిన మనిషి ఆవిడ. నా చేతులు మసయితే తన కొంగుతో తుడిచింది. కాలవలో మొదటి నీళ్లు పారగానే దోసిట పట్టి నా కళ్లకు అద్దింది. ఆ చల్లదనానికి ఏ వరస పెట్టాలో నాకు తెలుసు. అయినా మా అమ్మ వెనకే గుమ్మం దాటి లోపలికి వెళ్లిపోయాను.

కబురొచ్చిన మర్నాడు ఇంట్లో చెప్పకుండా రైలెక్కి పలాసలో దిగి, ఎడ్లబండి మీద ఉద్దానం వెళ్లాను. మావయ్య అరుగు మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. చాప మీద ఆడవాళ్లు నన్ను చూసి జరిగి చోటిచ్చారు.

"ఈ తోటలన్నీ సెప్నమ్మ పెట్టిన నీల్లు తాగినవేనమ్మా" అని ఒకామె ఏడ్చింది. ఏమంటోందో నాకు వెంటనే అందలేదు. సంతలో పుట్టిన వెటకారం ఇంగ్లీషు రాని ఈ నోళ్లలో పైడమ్మ, పోలమ్మలాగా పేరైపోయింది.

"సెప్నమ్మ నీకేటవుతాదమ్మా?"

"మా అత్త" అన్నాను.

మావయ్య తలెత్తి చూశాడు. "ఇనుంటే సంబరపడును" అని మళ్లీ తల దించుకున్నాడు.

"పట్నంలో సదివినావంట గదా" అని ఆమె కళ్లు తుడుచుకుంటూ అడిగింది. "సెప్నమ్మంటే ఏ అమ్మోరి పేరమ్మా? మేవడిగితే ఆయమ్మ నవ్వీసి ఊరుకునేది."

నేను చాప అంచు పీకుతూ కూర్చున్నాను.

"ఏ అమ్మోరైతే ఏటిలే. మా గుంటకీ ఆ పేరే ఎట్టుకున్నాం" అని ఆమె వాకిలి వైపు తిరిగి కేకేసింది. "ఓలే సెప్నీ!"

ఇసకలో కొబ్బరి పీచుతో ఆడుకుంటున్న పిల్ల తలెత్తింది. అరచేతులు గౌనుకు తుడుచుకుని, పిలిచింది తననే అన్న సంతోషంతో నవ్వుతూ మా వైపు పరుగెత్తుకొచ్చింది.