తెల్లబడ్డ ఫిల్టరు

రాళ్లు కోసే ఆయన ఇంట్లో ఎంత ఊడ్చినా దుమ్ము పోదు. కూతురికి ఒకటే దగ్గు. వీధిలో తిరిగే లారీలను తిట్టీ తిట్టీ నోరు నొప్పి పుట్టాక, గాలిలో దుమ్ము లాగేసే మిషను ఒకటి ఆయనే తయారుచేశాడు. అట్టపెట్టెకు ఒక పక్క పాత టేబుల్ ఫ్యాను బిగించి, రెండో పక్క కారుకు వేసే గాలి ఫిల్టరు పెట్టి, సందు లేకుండా టేపు చుట్టాడు.

"డబ్బున్నవాళ్లు కొనేదీ ఇదే, రంగొకటే తేడా," అని భార్య దగ్గర గొప్పలు పోయాడు.

వారం తిరిగేసరికి ఫిల్టరు పిండి చల్లినట్టు తెల్లబడింది. దగ్గు మాత్రం తగ్గలేదు.

ఇంతలో పక్క ఊళ్లో పని తగిలితే, కొత్త ఫిల్టరు వేసి నాలుగు రోజులు వెళ్లాడు. తిరిగొచ్చి, బట్టలైనా మార్చకుండా ఫిల్టరు ఊడదీశాడు. పెట్టింది పెట్టినట్టే శుభ్రంగా ఉంది.

"చూశావా, ఉన్న దుమ్మంతా ముందే లాగేసింది," అన్నాడు భార్యతో.

"నిజమే. ఈ నాలుగు రోజులూ చిన్నది ఒక్కసారి కూడా దగ్గలేదు," అందామె.

ఆయన సంబరంగా చొక్కా దులుపుకున్నాడు. కిటికీలోంచి పడే ఎండలో తెల్లటి పొడి లేచింది. వీధి దుమ్ము ఎర్రగా ఉంటుంది. ఈ తెలుపు తను రోజూ కోసే రాయిది.

వెళ్లి గడప బయట కూర్చున్నాడు. "నాన్నొచ్చాడు" అంటూ కూతురు పరుగెత్తుకొచ్చి మెడకు చుట్టుకుంది. తోసెయ్యడానికి చేతులు రాలేదు.

కాసేపటికి, ఆయన భుజం మీదే, దగ్గు మొదలైంది.