షెడ్డు బావి నీళ్లు

కర్నూలులో నీళ్ల పరీక్షల ల్యాబులో పనిచేసినన్నాళ్లూ నా నోటికి భయపడని అటెండరు లేడు. సీసా మూత వదులుగా ఉంటే చీవాట్లు. లేబులు మీద తేదీ లేకపోతే ఇక ఆ పూట వాళ్ల పని అయిపోయినట్టే. నమూనా ఎవరు పట్టారో వాళ్లే సంతకం పెట్టాలి, ఇంకొకరి చేత పట్టించి మనం సంతకం చేస్తే అది దొంగ సంతకమే అని కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పింది నేనే. అన్ని నీతులు చెప్పిన నేను చేసిన పని ఇది. ఇంట్లోవాళ్లకు కూడా ఇన్నాళ్లూ చెప్పుకోలేదు.

రెండువేల సంవత్సరం దాటాక వరసగా వానలు ఎగ్గొట్టిన రోజులవి. ఆలూరు అవతల ఒక చిన్న స్టేషను ఉంది, పేరు రాయను. మీటరు గేజి కాలంలో అక్కడ ఆవిరి ఇంజన్లకు పెద్ద షెడ్డు ఉండేది. లైను వెడల్పు చేశాక షెడ్డు మూతపడింది. దొరల కాలపు రాతిగోడలు మిగిలాయి, పైన రేకులు ఎవరో పీక్కుపోయారు. వెనకవైపు బూడిద గుట్టలు, పట్టాల కింది కొయ్య స్లీపర్లకు తారు నూనె పట్టించిన సిమెంటు తొట్లు, ఏళ్ల తరబడి ఆయిలు కారి నల్లబడిన నేల. షెడ్డు గోడను ఆనుకుని ముప్పై ఇళ్ల వాడ. ఇంజన్ల కింద బూడిద ఎత్తిన కూలీల పిల్లలూ మనవలూ అందులో ఉంటారు. వాడ మధ్యలో చిన్న చర్చి. చర్చి వెనక, ఒకప్పుడు ఇంజన్ల కోసం తవ్విన బావి.

ఆ బావి నీళ్లు కిరసనాయిలు కంపు కొడుతున్నాయని వాడవాళ్లు అర్జీ పెట్టుకుంటే, ఏడాదిగా ట్యాంకరుతో నీళ్లు తోలుతున్నారు. కరువులో ట్యాంకర్లు ఎక్కడ చూసినా తక్కువే. షెడ్డు మట్టి, బావి నీళ్లు రెండూ పరీక్ష చేసి రమ్మని, నీళ్లు బాగుంటే ఆ ట్యాంకరు ఇంకో ఊరికి పంపుతామని మా పై అధికారి ఫైలు నా బల్ల మీద పెట్టాడు. తిన్నగా ఇంటి ముందుకు నీళ్లు వస్తుంటే ఎవరు మాత్రం బావి బాగుందంటారులే అని ఒక నవ్వు కూడా నవ్వాడు. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకుంటూ జీపెక్కాను.

ఏప్రిల్ ఎండ. పొద్దున్నుంచి షెడ్డు వెనకంతా తిరిగి పన్నెండు చోట్ల మట్టి తవ్వించి సంచుల్లో పోయించాను. ఎక్కడ గడ్డపార దించినా మూరెడు లోతు దాకా నల్లగా, జిడ్డుగా మట్టి వచ్చింది. ఆ వాసనకు తల దిమ్మెక్కిపోయింది. తర్వాత బావిలోకి టేపు దించి నీళ్లు ఎంత లోతున ఉన్నాయో రాసుకున్నాను. లోపల చీకటి తప్ప ఏమీ కనపడలేదు. నా చీరకూ చేతులకూ పట్టిన కంపులో బావి కంపు వేరే తెలియలేదు.

చర్చి ఊడ్చే ముసలామె పొద్దున్నుంచి నా వెంటే తిరుగుతోంది. వాడంతా ఆమెను అవ్వా అంటుంటే నేనూ అలాగే పిలిచాను. ఇక చేద వేసి నీళ్లు తోడే ఓపిక నాకు లేదు. రెండు సీసాలు ఆమె చేతికిచ్చి, "ఇవి నిండా నీళ్లు పట్టీయవ్వా, లోపల కడగొద్దు" అని చెప్పి చర్చి అరుగు మీద నీడలో కూలబడ్డాను. ఎందుకో, ఏమిటో ఒక్క ముక్క చెప్పలేదు. మాది ఆదోని బజారులో అంగడి ఉన్న ఇల్లు. నీళ్లు తోడడం మా ఇంట్లో ఎప్పుడూ ఎవరికో పురమాయించే పనే. ఎండ వల్ల కూర్చున్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. ఆ అలవాటు వల్ల కూడా కూర్చున్నాను.

వెనక గిలక చప్పుడు వినిపించింది. కాసేపటికి అవ్వ తడి సీసాలు రెండూ తన కొంగుతో తుడిచి నాకు అందించింది. లేబుళ్లు అంటించి, నా సంతకం పెట్టి, జీపులో సర్దుకున్నాను.

ల్యాబులో మట్టి పరీక్ష అనుకున్నట్టే వచ్చింది. ఆయిలే ఆయిలు. నీళ్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. నూనె లేదు, వాసన లేదు. క్లోరిన్ చూసే మందు వేస్తే లేత పసుపు రంగు తిరిగింది, అంటే క్లోరిన్ ఉంది. పంచాయతీవాళ్లు బావిలో బ్లీచింగు పొడి చల్లి ఉంటారులే అనుకున్నాను. నీళ్లు మెత్తగా, సున్నం లేకుండా ఉన్నాయని మా అసిస్టెంటు రిజిస్టరులో రాశాడు. అది చూశాను, చూసి పేజీ తిప్పేశాను. ఆ వారం నా బల్ల మీద నలభై ఊళ్ల సీసాలున్నాయి. పైగా నాకొక వివరణ దొరికింది కదా: షెడ్డు కింద నల్లరేగడి పొర ఉంది, అది నూనెను కిందికి దిగనీయడం లేదు, మట్టి చెడింది కానీ నీళ్లు చెడలేదు. ఆ వాక్యం రాసుకుని నాకు నేనే మురిసిపోయాను కూడా. బావి నీళ్లు తాగవచ్చునని రిపోర్టు వెళ్లిపోయింది.

మూడు వారాలు దాటాయి. అదే ఆలూరు ప్రాంతంలో వేరే ఊరికి పోయి, పని ముగించుకుని, చేతిపంపు దగ్గర చేతులు కడుక్కుంటున్నాను. డ్రైవరు పంపు కొడుతున్నాడు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, పాలు విరిగినట్టు చేతుల మీద తెల్లగా ముద్దలు కడుతోంది. ఆ ప్రాంతంలో ఏ బావి నీళ్లయినా అంతే, సబ్బు తేలదు, పప్పు ఉడకదు. అది నాకు తెలియని సంగతి కాదు. అక్కడే, సబ్బు చేతులతోనే, ఆగిపోయాను. మరి ఆ షెడ్డు బావి నీళ్లు మెత్తగా ఎలా ఉన్నాయి? మెత్తటి నీళ్లు, క్లోరిన్ వేసిన నీళ్లు. అవి కాలువ నుంచి వచ్చిన ట్యాంకరు నీళ్లు.

డ్రైవరు మా ఆఫీసులో పాతకాపు, నెమ్మదైన సాయిబు. నా మొహం చూసి ఏమైందని అడిగాడు. షెడ్డుకు పోనీయమన్నాను. ఇప్పుడా, భోజనం చేసి పోదామన్నాడు. వినకుండా కసిరాను. దారి పొడుగునా సీసాలు మారిపోయి ఉంటాయా, ల్యాబులో ఎవరైనా కలిపేశారా అని ఎవరి మీదకు నెట్టాలా అన్నట్టు ఆలోచించాను. సిగ్గుచేటు, కానీ ఆలోచించాను. ఆఖరికి ఒకటే కోరుకున్నాను: ట్యాంకరు ఇంకా ఆపి ఉండకూడదు. మన ఆఫీసుల్లో ఏ కాగితమూ నెల లోపు కదలదు కదా అని ధైర్యం చెప్పుకున్నాను.

ఆ ఒక్క కాగితమే కదిలింది. వాడలో దిగేసరికి ఇళ్ల ముందు ట్యాంకరు కోసం వరసగా పెట్టే డ్రమ్ములు బోర్లించి ఉన్నాయి. ఆడవాళ్లు బావి దగ్గర బిందెలు నింపుకుంటున్నారు. అవ్వ చర్చి మెట్ల మీద కూర్చుని, ఒళ్లో మనవరాలికి రాగి జావ తాగిస్తోంది. ఎనిమిది నెలల పిల్ల. నేను పోయి గిన్నె ఆమె చేతిలోంచి లాగేశాను. పిల్ల బెదిరి ఏడుపు అందుకుంది.

"ఈ జావ ఏ నీళ్లతో కాచినావవ్వా?"

"బావి నీళ్లే మ్మా. ట్యాంకరు నిలబడిపోయి పద్దెనిమిది దినాలాయ. నీళ్లు బాగుండాయని నువ్వే రాస్తివంట గదా. ఈడ్నే చర్చికాడ సదివి ఇనిపించిరి."

ఆ రోజు నా సీసాల్లో పట్టింది ఏ నీళ్లని అడిగాను. ఆమెకు నా కంగారు అర్థం కాలేదు. కొంచెం సిగ్గుపడుతున్నట్టు చెప్పింది.

"ఎండలో పోతాండావు, దావలో తాగనీకి అనుకుంటి. మీ ఇండ్లల్లో వాళ్లు మా చేతి నీళ్లు అడిగింది నేను పుట్టినంక అదే మొదటి తూరి. ఈ కంపు నీళ్లు నీకెట్లిస్తాను? ఇంట్లో కుండలో ట్యాంకరు నీళ్లుంటే బట్టతో వడగట్టి పోస్తి. బావికాడ సీసాల పైపైన కడిగితి, అంతే."

మరి బావిని పరీక్ష చేశానని ఎలా అనుకున్నావంటే, టేపు దించి చూసి పుస్తకంలో రాసుకున్నాను కదా, అదే పరీక్ష అనుకుందట. నీళ్లు కంపు కొడుతున్నా, ముద్ర వేసిన కాగితం వచ్చింది కాబట్టి ఆ కంపులో హాని లేదేమోనని వాడంతా తాగుతున్నారు. అంతకుముందు పెద్దవాళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లే. కానీ ఆ పిల్ల ట్యాంకరు వచ్చాక పుట్టింది. పుట్టినప్పటి నుంచి బావి నీళ్లు నాలుక మీద పడలేదు. నా రిపోర్టు వచ్చేదాకా పడలేదు.

జరిగింది విడమరిచి చెప్పి, ఆ నీళ్లు ఇక తాగొద్దన్నాను. అవ్వ అంతా విని, పిల్లను భుజాన వేసుకుని లేచి నిలబడింది. అంతవరకూ నాతో ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి.

"పరీక్షకని ఒక్క మాట చెప్పింటే ఆ బావి నీళ్లే ఇచ్చిందును గదా మ్మా. ఎందుకు చెప్పకపోతివి?"

చేద తీసుకుని బావిలోకి నేనే వేశాను. చేతులు బొబ్బలెక్కాయి. పైకి వచ్చిన నీళ్ల మీద సన్నగా రంగుల తెట్టు తేలుతోంది, ముక్కు దగ్గర పెట్టుకోకముందే తారు కంపు. ఈసారి సీసాలు హైదరాబాదుకు కూడా పంపాను. నూనె ఒక్కటే కాదు, పట్టాల వెంట గడ్డి మాడడానికి ఆ కాలంలో చల్లిన మందు తాలూకు పాషాణం, అంటే ఆర్సెనిక్, కూడా నీళ్లలో దిగిందని అక్కడినుంచి వచ్చింది. నల్లరేగడి పొర దేన్నీ ఆపలేదు.

చేద వేసిన ఆ సాయంత్రమే ఆలూరులో ఫోను చేసి అధికారికి తప్పు ఒప్పుకున్నాను. ఆయన మెల్లగా, తప్పు జరిగిందని రాస్తే విచారణ అంటారు, అది తేలేదాకా ట్యాంకరు కదలదు, కొత్త నమూనాలో మార్పు కనిపించిందని రాయి, నాలుగు రోజుల్లో ట్యాంకరు వస్తుంది అన్నాడు. అలాగే రాశాను. ట్యాంకరు త్వరగా రావాలని రాశాను. ఉద్యోగం పోతుందనే భయంతోనూ రాశాను. రెండూ నిజమే. నాలుగో రోజు ట్యాంకరు వచ్చింది, తర్వాత బావిని కడప బండలతో మూసేశారు. నేను చేసిన తప్పు ఏ కాగితంలోనూ లేదు.

కర్నూలు పెద్దాసుపత్రిలో తెలిసిన డాక్టరును ఎవరి పేరూ చెప్పకుండా అడిగాను. ఇరవై రోజులకు ఏమీ కాకపోవచ్చు, కానీ చంటిపిల్ల అంటున్నావు, ఆ విషం ఏళ్ల తర్వాత అరచేతుల్లో, గోళ్లలో బయటపడుతుంది, ఏమీ కాదని నేనైతే రాసివ్వలేను అన్నాడు. ఆయనకు అది ఒక మాట. నాలో అది కదలకుండా ఉండిపోయింది.

అప్పటినుంచి ఆ వైపు పని పడినప్పుడల్లా వాడ దగ్గర జీపు ఆపించేదాన్ని. చేతిలో ఒక బిస్కెట్ల పొట్లం. పొట్లం ఇచ్చే వంకతో పిల్ల చేతులు పట్టుకుని అరచేతులు వెలుతురుకు తిప్పి చూసేదాన్ని. గోళ్ల మీద తెల్లగీతలు ఉన్నాయా, చర్మం గరుకెక్కిందా, మచ్చలేమన్నా ఉన్నాయా. ఏమీ కనపడేవి కావు. కనపడలేదని తిరుగుదారిలో కాసేపు ఊపిరి తీసుకునేదాన్ని, ఊరు దాటేలోపు మళ్లీ మొదలయ్యేది. పిల్ల నడిచింది, పరుగెత్తింది, అయిదో ఏడు వచ్చి బడికి పోయింది. చక్కని చురుకు. నన్ను చూడగానే ఎవరూ చెప్పకుండానే రెండు అరచేతులూ చాచి నిలబడేది.

చివరిసారి పోయినప్పుడు అలాగే చాచింది. నేను ఆ చేతులు పట్టుకుని వంగి చూస్తుంటే, అవ్వ వచ్చి పిల్లను నెమ్మదిగా నా దగ్గర్నుంచి తీసుకుంది.

"వచ్చిన తూరల్లా ఊరికే చూసి పోగాకు మ్మా. నువ్వు వచ్చి పోయినంక దీని అమ్మకు నాలుగు దినాలు కూడు సయించదు. బిడ్డ బాగుండాది, ఏం కాదు అని చెప్పు. చెప్పలేవంటే ఇంక రాగాకు."

డాక్టరు మాట గుర్తుంది. ఇంతకుముందు నేను సంతకం పెట్టి బాగుందని చెప్పింది కూడా వాళ్లకే. ఆ మాట రెండోసారి చెప్పలేదు. బిస్కెట్ల పొట్లం మెట్టు మీద పెట్టి జీపెక్కాను.

మళ్లీ ఆ వాడకు పోలేదు.