చింతపండు నీళ్లలో చీజు

చిన్నప్పుడు నేను దెయ్యాలకి భయపడలేదు, కొల్లేటి పాములకీ భయపడలేదు. పదకొండేళ్ల వయసులో నన్ను గడగడలాడించింది ఒక చీజు డబ్బా. ఇప్పుడు చెబితే మా మనవలు నవ్వుతారు. నవ్వనీ, వాళ్లకి బడి ఊరికే దొరికింది.

అప్పుడు మేం ఏలూరు పొలిమేరలో, వట్లూరు వెళ్లే దారిలో, మిషను కాంపౌండు వెనక ఒంటిగది ఇంట్లో ఉండేవాళ్లం. మా అమ్మ బంగళాలో దొరసానికి వంట చేసేది. నాన్న తాడేపల్లిగూడెం బియ్యం మిల్లులో పనిచేస్తూ, నాకు మాటలు రాకముందే పోయాడు. అమ్మకి వంటపని ఉన్నన్నాళ్లే ఆ గది మాది. గది ఉన్నన్నాళ్లే కాంపౌండులో బడి నాది. పని పోతే అమ్మమ్మ ఉండే కొల్లేటి లంకకి పోవాల్సిందే, అక్కడ బడి లేదు. నన్ను టీచరమ్మని చేసి తీరాలని అమ్మ పంతం. ఆ పంతం కోసమే పొద్దున్న ఐదింటి నుంచి ఆ పొగలో నిలబడేది.

దొరసాని చెడ్డ మనిషి కాదు. కానీ ఆవిడకో నియమం ఉండేది. జ్వరమో దగ్గో ఉన్న మనిషి ఆవిడ తినేదాన్ని ముట్టుకోకూడదు. అమ్మకి ముందున్న వంటాయన వడ్డిస్తూ దగ్గాడని సాయంత్రానికల్లా పంపించేసింది. ఆయన భార్య గిన్నెలు గోనెసంచిలో వేసుకుని గేటు దాటుతుంటే, అప్పటికి బంగళాలో అంట్లు తోముతున్న అమ్మ పక్కన నిలబడి చూశాను. ఆ గిన్నెల చప్పుడు చాలా రోజులు నా చెవుల్లో ఉండిపోయింది.

ఆ ఏడు మొదటి వానలకే బంగళా వంటిల్లు కారింది. పెంకులు మార్చేదాకా ఇంటి దగ్గరే వండి పంపమంది దొరసాని. రెండో రోజే అమ్మకి చలిజ్వరం పట్టుకుంది. దుప్పటి మీద దుప్పటి కప్పినా మంచం కోళ్లు టకటకలాడేవి. కబురందుకుని అమ్మమ్మ పడవ మీద వచ్చింది. అమ్మ మంచం మీంచి చెబుతుంటే మేమిద్దరం వండేవాళ్లం, గిన్నెలు నేను బంగళాకి మోసేదాన్ని. అమ్మ ఏదని ఎవరడిగినా పొయ్యి దగ్గరుందండీ అనేదాన్ని. అలా పది రోజులు అబద్ధాల మీద బతికాం.

పదకొండో రోజు శనివారం. మధ్యాహ్నం దొరసాని ఇంటికి ఎవరో పెద్ద పాదిరిగారు భోజనానికి వస్తున్నారు. పొద్దున్నే బంగళా ఆయా ఒక పింగాణీ గిన్నె, బుట్టెడు బంగాళాదుంపలు, ఒక డబ్బా తెచ్చి పెట్టింది.

"పొరల దుంపలు చెయ్యమన్నారు. చీజు డబ్బా ఇదొక్కటే ఉందంట, మద్రాసు నుంచి మళ్లీ ఎప్పుడొస్తదో తెలవదు. జాగర్తని చెప్పమన్నారు," అంది.

ఉడికిన దుంపల్ని బిళ్లలుగా కోసి, గిన్నెలో పొరలుగా పేర్చి, పొర పొరకీ వెన్నలో వేయించిన మైదా కలిపిన పాలు పోసి, చీజు తురుము చల్లి, పైన ఎర్రగా కాలేదాకా నిప్పుల మధ్య ఉంచాలి. దొరసాని దానికేదో పేరు చెప్పేది, మా నోటికి అది పొరల దుంపలయ్యింది. అమ్మ చేస్తుంటే చాలాసార్లు చూశాను. చూడటం వేరు, చెయ్యడం వేరని ఆ రోజే తెలిసింది.

దుంపలు ఉడకేసి పాల కోసం వెళ్లాను. తిరిగొచ్చేసరికి డబ్బా ఖాళీగా ఉంది. చీజు ముద్ద మట్టిచట్టిలో చింతపండు నీళ్లలో మునిగి ఉంది. ఒళ్లంతా ఉప్పూ పసుపూ.

"పాడైపోయిందే అమ్మా ఇది. మూత తియ్యగానే గుప్పుమంది," అంది అమ్మమ్మ తృప్తిగా. "కొర్రమీనుకి చేసినట్టే ఉప్పూ పసుపూ రుద్ది, పులుసు నీళ్లలో రెండుసార్లు కడిగాను. ఇప్పుడు వాసన చూడు, నీసు పోయింది."

ఆ కంపే దాని అసలు వాసనని ఆవిడకి ఎలా చెప్పను? పుట్టినప్పటినుంచి చేపలు కడిగిన చెయ్యి అది. అమ్మకి చెబితే లేచి వస్తుంది. ముందు రోజు అలాగే లేవబోయి గడప దగ్గర పడిపోయింది. నోరు మూసుకుని ఆ ముద్దని మంచినీళ్లలో కడిగాను. పసుపు వదల్లేదు. గుడ్డలో పిండి, తురిమి, పొరల మధ్య చల్లాను. చల్లుతున్నంతసేపూ వంటాయన భార్య గిన్నెల చప్పుడే వినబడింది.

వెడల్పాటి కుండలో ఇసక పోసి, పింగాణీ గిన్నె అందులో దించి, మూత మీద నిప్పులు పరిచాను. అమ్మకి గడియారం లేదు. పరలోక ప్రార్థన నలభైసార్లు చెప్పుకుంటే పొరలు కాలినట్టు లెక్క. ఇరవై దాటాక నేను లెక్కపెడుతున్నానో, నిజంగానే దేవుణ్ణి వేడుకుంటున్నానో నాకే తెలియలేదు. మూత తీస్తే పైన ఎర్రగానే కాలింది. కానీ అంచుల్లోంచి మా ఇంటి పప్పులా పచ్చగా కనబడింది.

బంగళాలో తలుపు పక్కన నిలబడ్డాను. పాదిరిగారు తలొంచుకుని తింటున్నారు. దొరసాని ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చెంచా కింద పెట్టింది. నా వైపు చూసింది.

"దీనిని మీ అమ్మ చేసినదా?"

"అవునండీ."

"సాయంకాలము నేను వచ్చి ఆమెతో మాట్లాడెదను," అంది. ఆవిడ తెలుగంతా బైబిలు చదివి నేర్చుకున్నదే.

పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చి అమ్మకి అంతా చెప్పేశాను. కేకలేస్తుందనుకున్నాను, వెయ్యలేదు. గిన్నె అడుగున అంటుకున్నది ఇంత గీకి పెట్టమంది. పది రోజులుగా గంజి కూడా చేదంటున్న మనిషి, అది నాలిక మీద పెట్టుకుని, "పులుపు తెలుస్తోంది," అంది. మరో రోజైతే, అమ్మ నోటికి రుచి తెలిసిందని నాకు ప్రాణం లేచొచ్చేదే. కానీ అమ్మ మొహంలో సంతోషం లేదు. "అడిగితే నేనే వేశానంటాను. మీరిద్దరూ నోరు విప్పకండి," అంది.

అమ్మకి తల దువ్వి, ఉతికిన చీర చుట్టి, గోడకి ఆనించి కూర్చోబెట్టాం. దొరసాని గొడుగుతో గడప దగ్గరికి వచ్చింది.

"ఈ దినము రుచి వేరుగా ఉన్నది."

"చింతపండు రసంలో కడిగానండీ. పాత డబ్బా కదాని."

దొరసాని తలూపింది. "మంచిది చేసితివి. అది పాడైనదేమోనని నేను భయపడితిని. పాదిరిగారు రెండవ మారు అడిగి తినిరి."

నా గుండె కుదుటపడింది, సరిగ్గా ఒక్క నిమిషం. ఆవిడ లోపలికి వచ్చి, మెచ్చుకోలుగా అమ్మ చెయ్యి పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు.

"జ్వరము ఎన్ని దినములనుండి?"

"నిన్నటి నుంచేనండీ."

అప్పుడు అమ్మమ్మ నోరు విప్పింది. అబద్ధం చెప్పలేక కాదు, కూతుర్ని కాపాడుకుందామని. "పది రోజులైందండీ అమ్మగారండీ. కానీ మీ తిండి నా కూతురు ముట్టుకోలేదండీ. నియమం తప్పలేదండీ. వంటంతా ఈ పిల్లే చేసిందండీ, ఇయ్యాళ్టిది కూడానండీ."

దొరసాని నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"నీవా?" అంది. గొడుగు చెయ్యి మార్చుకుని, "అట్లయిన ఈ గది మీకే ఉండును. నీ తల్లికి నయమగు వరకు, సోమవారమునుండి నీవు వంటకు రమ్ము," అంది.

ఆవిడ దయతోనే అంది, ఆ మాట ఇప్పటికీ ఒప్పుకుంటాను. అమ్మమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. "దానికి బడి ఉందండీ," అంది అమ్మ. మెల్లగా అంది. గొడుగు తెరుస్తున్న దొరసానికి వినబడలేదో, వినబడనట్టు వెళ్లిందో తెలియదు. అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ జ్వరం ఆర్నెల్లు వస్తూ పోతూ ఉండి, తగ్గేసరికి అమ్మ చేతుల్లో బిందె ఎత్తే బలం లేదు.

బాగోలేదంటారేమోనని ఆ శనివారమంతా వణికాను. బాగుందంటే ఏమవుతుందో భయపడాలని నాకు తోచనే లేదు.

సోమవారానికి బంగళా వంటింటికి కొత్త పెంకులు పడ్డాయి. దాని కిటికీ ఎదురే మా బడి. దుంపల చెక్కు తీస్తుంటే గంట కొట్టారు. టీచరమ్మ హాజరు పిలుస్తోంది. నా పేరు పిలిచి, కాస్త ఆగి, మళ్లీ ఒకసారి పిలిచి, తర్వాతి పిల్ల పేరు పిలిచింది.